పొడవు పేర్ల పేచీ: ఎస్‌సీసీఎస్ నుంచి గిట్ దాకా

ఫైళ్లలో జరిగిన మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్ గిట్. విండోస్ మీద పెద్ద ప్రాజెక్టును దానితో క్లోన్ చేస్తే (చరిత్రతో సహా నకలు దించుకుంటే) ఒక్కోసారి 'ఫైల్‌నేమ్ టూ లాంగ్' అని వస్తుంది. కిందే ఇంకో లైను: క్లోన్ అయింది, చెకౌట్ ఫెయిలైంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు రిపాజిటరీయే (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి చరిత్ర ఉండే చోటు) పాడైందేమోనని టెన్షన్ పడతారు. డేటా అంతా భద్రంగా వచ్చేసే ఉంటుంది, ఫోల్డర్లలో పరిచే దగ్గర, అంటే చెకౌట్ దగ్గర, ఆగిపోయిందంతే. దీని వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

తొలినాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ డైరెక్టరీలో (ఫోల్డర్‌లో) ఒక్కో ఫైలుకు 16 బైట్ల చోటు ఉండేది. ఫైలును గుర్తించే ఐనోడ్ నంబరుకు 2 పోగా పేరుకు మిగిలేవి 14. బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ 1972లో మొదలుపెట్టిన, గిట్‌కు పూర్వీకుడి లాంటి ఎస్‌సీసీఎస్ తర్వాత యూనిక్స్‌కు వచ్చింది. అది ఫైలు చరిత్రను అదే పేరుకు ముందు 'ఎస్', చుక్క తగిలించి దాచేది. ఆ 14లో రెండు అక్కడే ఖర్చు. 1980ల మొదట్లో పర్డ్యూ యూనివర్సిటీలో వాల్టర్ టిషీ రాసిన అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఆర్‌సీఎస్, ఫైలు పేరు చివర కామా, 'వి' చేర్చేది. అక్కడా రెండు పోయేవి. 1983లో 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ పేరు పరిమితిని 255 బైట్లకు పెంచాక ఊపిరాడింది. కానీ చరిత్రను ఫైలు పేరుతోనే దాచే అలవాటు మాత్రం పోలేదు.

ఆ అలవాటు విండోస్‌లో గట్టిగా తగిలింది. అక్కడి పాత పద్ధతిలో డ్రైవ్ అక్షరం నుంచి చివర ముగింపు గుర్తుగా ఉండే సున్నా బైటు దాకా మొత్తం పాత్ (ఫోల్డర్ల పేర్లతో సహా ఫైలు పూర్తి చిరునామా) 260 క్యారెక్టర్లు దాటకూడదు. ఫైళ్ల చరిత్ర దాచే మరో సాఫ్ట్‌వేర్ సబ్‌వెర్షన్ ప్రతి ఫోల్డర్‌లోనూ ఒక దాపుడు ఫోల్డర్ పెట్టి, అందులో ప్రతి ఫైలుకూ నకలు ఉంచేది. ఆ నకలు పాత్ అసలు దానికంటే 24 క్యారెక్టర్లు ఎక్కువ. అంటే 240 ఉన్న పాత్ మామూలుగా పనిచేస్తుంది, సబ్‌వెర్షన్‌లో పెడితే విరుగుతుంది. 2011లో సబ్‌వెర్షన్ 1.7 వచ్చి దాపుడు ఫోల్డర్‌ను ఒక్కటి చేసేదాకా ఇదే తంతు. ఇదే పని చేసే మెర్క్యురియల్ అయితే పెద్దక్షరాలను అండర్‌స్కోర్‌తో రాసుకునేది కాబట్టి పేర్లు ఇంకా సాగేవి. 1.1 నుంచి, అలా రాసిన పాత్ 120 దాటితే దాని బదులు హాష్ (దాన్నుంచి లెక్కగట్టిన పొట్టి గుర్తు) వాడటం మొదలుపెట్టింది.

లైనస్ టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ ఈ ముడిని మొదట్లోనే విప్పేసింది. లోపల ఫైలు సారాన్ని దాని హాష్ పేరుతో దాస్తుంది, అసలు పేరు ట్రీ అనే ఆబ్జెక్ట్‌లో మామూలు డేటాగా ఉంటుంది. ఫైళ్ల పేర్లు రాసుకునే ఇండెక్స్‌ అనే జాబితాలో పేరు పొడవుకు 12 బిట్లే ఉన్నా, వాటికి గరిష్ఠమైన 4095 లేదా అంతకు మించిన పొడవున్న పేరు వస్తే సున్నా బైటు వరకూ చదువుకుంటుంది. ఈ ముందుచూపు నాకు చాలా నచ్చుతుంది. అందుకే క్లోన్ ఆగదు, చెకౌట్ దగ్గరే విండోస్ అడ్డుపడుతుంది.

విండోస్ ఫైల్ సిస్టమ్ అయిన ఎన్‌టీఎఫ్ఎస్ దాదాపు 32,767 క్యారెక్టర్ల పాత్‌ను మోయగలదు. 2016లో విండోస్ 10 కూడా, సెట్టింగ్ మార్చుకుంటే, 260 గీతను దాటనిచ్చింది. అయినా విండోస్ గిట్‌లో పొడవు పాత్‌లను అనుమతించే 'కోర్.లాంగ్‌పాత్స్' సెట్టింగ్ ఇప్పటికీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. ఎక్స్‌ప్లోరర్, పాత టూల్స్ ఆ ఫైళ్లను తెరవలేకపోవచ్చన్నది కారణం. అది న్యాయమే. కానీ ఎర్రర్ మెసేజ్‌లోనే ఆ సెట్టింగ్ పేరు చెప్పి ఉంటే ఎంతమందికి మేలయ్యేదో.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. లినక్స్ పేరును బైట్లలో కొలుస్తుంది, యూటీఎఫ్-8 అనే రాత పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కు (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు లాంటి ఒక్కో ముక్కకు) 3 బైట్లు. 'ప్రభుత్వం' కంటికి మూడక్షరాలే, లోపల 9 కోడ్‌లు, 27 బైట్లు. అక్కడి పరిమితి 255 బైట్లంటే 85 కోడ్‌లే. ఎన్‌టీఎఫ్ఎస్‌లో మాత్రం ఇవే 255 దాకా పడతాయి. కాబట్టి విండోస్‌లో హాయిగా కమిట్ చేసిన (గిట్ చరిత్రలో చేర్చిన) 100 కోడ్‌ల తెలుగు పేరు, లినక్స్ సర్వర్ మీద చెకౌట్ కాదు. దీన్ని ఏ గిట్ సెట్టింగూ మార్చలేదు, పేరే కుదించాలి.

పైగా మారిన ఫైళ్లను చూపే 'గిట్ స్టేటస్' కొడితే ప్రతి తెలుగు బైటూ ఒక వాలుగీత, మూడంకెలుగా కనబడుతుంది. 'ప్రభుత్వం' ఒక్కటే 108 క్యారెక్టర్లవుతుంది, ఏ ఫైలో పోల్చుకోలేం. దీనికి మాత్రం మందు ఉంది: 'కోర్.కోట్‌పాత్' సెట్టింగ్‌ను ఫాల్స్ చేస్తే పేరు తెలుగులోనే కనిపిస్తుంది. తెలుగు పేర్లున్న రిపాజిటరీ నడిపేవాళ్లు ఈ మాట రీడ్‌మీలో మొదటి లైన్లలోనే రాయాలి.