తక్కెడకు అందని ఎదుగుదల

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. బిడ్డకు ఏది ఎప్పుడు రావాలో మన ఇళ్లలో పెద్దవాళ్లకు బాగానే తెలుసు. రాకపోతేనే చిక్కు. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యమే, వస్తాయిలే" అని సర్దిచెప్పేవాళ్లు. తల్లి అనుమానం తల్లి దగ్గరే ఉండిపోయేది.

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే కేంద్ర పథకం, మొదలైంది. అంగన్‌వాడీల్లో పిల్లల్ని తూచి చార్టులో చుక్క పెట్టడం అలవాటైంది. ఆకలి తీవ్రత చూస్తే అది సబబైన పనే. కానీ బరువు సరిగ్గా ఉండి, పిలిస్తే తల తిప్పని బిడ్డ ఆ గీతల్లో కనపడడు.

బిడ్డ వయసుకు తగ్గట్టు ఎదుగుతోందో లేదో చూసే డెన్వర్ పరీక్ష అమెరికాలో 1967లోనే వచ్చింది. మన అంగన్‌వాడీకి సరిపడే పనిముట్టు మాత్రం 1991లో తిరువనంతపురం నుంచి వచ్చింది. డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం, మన పిల్లల ఎదుగుదలను చూసి రూపొందించిన బరోడా ప్రమాణాల ఆధారంగా, రెండేళ్లలోపు పిల్లల కోసం 17 అంశాలతో ఒకే కాగితం తయారుచేసింది. తల్లిని చూసి నవ్వడం, మెడ నిలపడం, రెండు మాటలు పలకడం, బొమ్మలో కాళ్లూ చేతులూ చూపించడం వంటివి అందులో ఉంటాయి. కాగితం మీద అడ్డంగా నెలలు వేసి ఉంటాయి, అందులో బిడ్డ వయసు దగ్గర పెన్సిల్ నిలువుగా పెట్టాలి. దానికి ఎడమవైపు ఉన్నవాటిలో ఏ ఒక్కటి రాకపోయినా డాక్టరుకు చూపించాలి. అంతే. ఇంత తేలికైన పద్ధతి ప్రతి ఊరికీ చేరి ఉండాల్సింది.

2013లో పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదల లోపాలను కూడా లెక్కలోకి తెచ్చింది. ఆయుష్ డాక్టర్లున్న సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. అయితే మూడేళ్లలోపు పిల్లలు ఎక్కువమంది అంగన్‌వాడీలో కూర్చోరు, ఇంటిదగ్గరే ఉంటారు. బృందం వచ్చిన రోజు ఎవరైనా ఎత్తుకొస్తేనే వాళ్లు డాక్టరు కంటపడతారు.

2018 నుంచి ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికే వెళ్లి చూసే ఏర్పాటు వచ్చింది. మంచిదే. కానీ మాటలు రావట్లేదన్న బెంగ ఎక్కువగా మొదలయ్యేది ఆ తర్వాతే. మన రెండు రాష్ట్రాల్లో మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం ప్యాకెట్ ఇస్తారు కదా, ఆ రోజు రెండేళ్లలోపు బిడ్డనూ వెంట తెమ్మని చెప్పి, ఆ తిరువనంతపురం కాగితం మీద ఓ అయిదు నిమిషాలు పెన్సిల్ నిలబెట్టవచ్చు.