రాత్రి సూపు పొద్దునకెందుకు గడ్డకట్టింది?

చిన్నోడా, అమ్ములూ,

మీ అమ్మ పంపిన వీడియో చూశాను. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను అమ్ములు పక్కకి వంచింది, సూపు ఒలకలేదు, వణికింది, అంతే. "తాతా, పాడైపోయిందా? పారబోయాలా?" అని చిన్నోడు అడుగుతున్నాడు. పారబోయకండి. ఫ్రిజ్‌లో పెట్టిన సూపు గడ్డకట్టినంత మాత్రాన పాడైనట్టు కాదు. ఇలా రాత్రికి రాత్రి గట్టిపడిందంటే బాగా కుదిరిందని అర్థం. ఆ మంచులో మూడు గంటలు పొయ్యి ఆర్పకుండా మాంసం, క్యారెట్, ఆలుగడ్డ, సెలరీ ఉడికించిన మీ అమ్మను ముందు మెచ్చుకోండి.

మీరు తాడును ఎప్పుడైనా దగ్గరగా చూశారా? ప్లాస్టిక్ తాడు కాదు, నారతో పేనిన తాడు. మా తాత చెరువులో నానేసిన గోగుకట్టెల నుంచి నార తీసి, ఎండబెట్టి, దాచిపెట్టేవాడు. ఎండాకాలం చేలో పనిలేని రోజుల్లో వేపచెట్టు కింద కూర్చుని తాళ్ళు పేనేవాడు. కొన్ని నారపోగులు కలిపి పురి పెడితే ఒక పేట. అలాంటి మూడు పేటలను మళ్ళీ కలిపి మెలివేస్తే తాడు. రెండో కొస పట్టుకుని నిలబడటం నా పని. కాకుల మీదికో కుక్కల మీదికో చూపు పోయి చెయ్యి కాస్త వదులైతే చాలు, పేనిందంతా గిర్రున విడిపోయేది. "గట్టిగ పట్టురా!" అని కేక. ఎద్దు పగ్గమూ, బావి చేంతాడూ, నేను పడుకున్న మంచం అల్లికా అన్నీ ఆ నారతోనే.

జంతువు ఒంట్లో కూడా అచ్చంగా అలాంటి మూడు పేటల తాళ్ళే ఉంటాయి, కంటికి కనిపించనంత సన్నవి. వాటి పేరు కొల్లాజెన్. కండను ఎముకకు కట్టేవి అవే. కండపోగులను కట్టలు కట్టి ఉంచేవీ, చర్మం చిరగకుండా పట్టి ఉంచేవీ అవే. మన ఒంట్లో ఉన్న మొత్తం ప్రొటీన్లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఈ తాళ్ళే.

ఎక్కడ పని ఎక్కువో అక్కడ తాళ్ళు ఎక్కువ. రోజంతా ఒళ్ళు మోసే పిక్క, కాడి మోసే మెడ, భుజం, ఇవన్నీ తాళ్ళతో నిండి ఉంటాయి. నడుం పక్కన ఉండే కండకు అంత కష్టం లేదు కాబట్టి అది పెనం మీద పది నిమిషాల్లో వేగుతుంది, ధర కూడా ఎక్కువ. కానీ దానితో సూపు చేస్తే నీళ్ళలో పొడి ముక్కలు మిగులుతాయి. సూపుకు బొక్కతో ఉన్న పిక్కే కావాలి. కష్టపడిన కాలే కుండకు రుచి ఇస్తుంది.

సరే, పొయ్యి మీదికి వద్దాం. అరగంటకు అమ్ములు ఒక ముక్క నమిలి "రబ్బర్‌లా ఉంది" అన్నదట. నిజమే. వేడి తగలగానే కండపోగులు బిగుసుకుని లోపలి నీళ్ళను పిండేస్తాయి. మాంసం మెత్తబడే ముందు గట్టిపడుతుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి మంట పెంచేస్తారు. పెంచకూడదు. 60 డిగ్రీలు దాటాక తాళ్ళు మెల్లగా పట్టు వదలడం మొదలవుతుంది, 80 దాటాక ఆ పని వేగం అందుకుంటుంది. పురి వదులై మూడు పేటలూ దేనికది విడిపోయి నీళ్ళలోకి జారిపోతాయి. అలా జారినదాన్ని జెలటిన్ అంటారు. రెండున్నర మూడు గంటలయ్యేసరికి కట్టి ఉంచే తాళ్ళు మిగలవు, చెంచాతో నొక్కితే కండపోగులు విడివిడిగా రాలిపోతాయి. నీళ్ళు తెర్లకూడదు, అంచున చిన్న చిన్న బుడగలు వస్తుంటే చాలు.

తర్వాత గిన్నె చల్లబడింది. చల్లబడేకొద్దీ ఆ విడిపోయిన పేటలు మళ్ళీ మెలిపడాలని చూస్తాయి. వరసగా పేనడానికి అక్కడ మా తాత లేడు. కొస పట్టుకోవడానికి నేనూ లేను. దాంతో ఇక్కడో మెలిక, అక్కడో మెలిక, ఒకే పేట నాలుగు చోట్ల నాలుగింటితో చిక్కుపడుతుంది. గిన్నె నిండా ఆ చిక్కే. ఆ సందుల్లో ఇరుక్కున్న నీళ్ళు కదలలేవు. అదీ మీరు చూసిన గడ్డ. మళ్ళీ వేడి చేస్తే 35 డిగ్రీల లోపలే ఆ చిక్కు వదిలిపోతుంది. నోటి వేడి అంతకంటే ఎక్కువ కాబట్టి నాలుక మీద పెట్టుకున్నా కరుగుతుంది.

ముసలి పశువు సంగతి వేరు. ఏళ్ళు గడిచేకొద్దీ తాడుకూ తాడుకూ మధ్య ముడులు పడుతూ పోతాయి, అవి అంత తొందరగా విడవవు. మా వాడకు వచ్చే పెద్దకూర ఏళ్ళ తరబడి దున్ని అలసిన పశువుదే. అందుకే మా నాయనమ్మ రాత్రి కుండ ఎక్కించి, కట్టెలు వెనక్కి లాగి, నిప్పుల మీద తెల్లారేదాకా వదిలేసేది. చుక్కకూర మాత్రం అంతా ఉడికాకే వేసేది. మీరూ టమాటాలను ఆలుగడ్డలు మెత్తబడ్డాకే వేయండి. కూరగాయలను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపు తగిలితే ఒక పట్టాన కరగదు, ఆలుగడ్డ రాయిగానే ఉండిపోతుంది. క్యారెట్, ఆలు చివరి నలభై నిమిషాలకు, బీన్స్ చివరి పది నిమిషాలకు.

తొందరుంటే కుక్కర్ ఉంది. 1679లో లండన్‌లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన మూత బిగించిన పాత్ర చేసి చూపించింది బొక్కలు మెత్తబరచడానికే. లోపల ఆవిరి ఒత్తిడికి వేడి 120 డిగ్రీలకు చేరుతుంది, ముక్క ముప్పావు గంటలో మెత్తబడుతుంది. నాకు మాత్రం నిదానపు మంటే ఇష్టం.

మా తాత తాళ్ళు పేనడమే కాదు, తోళ్ళు కూడా ఊనేవాడు, అంటే పచ్చితోలును కుళ్ళకుండా పదును చేసేవాడు. ఇంటి వెనక లంద, అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి, ఉండేది. అందులో తంగేడు చెక్క దంచి వేసిన నీళ్ళలో తోలు నానేది. ఆ చెక్క రసం తోలులోని తాళ్ళ మధ్యకు చేరి వాటిని ఒకదానితో ఒకటి కట్టేస్తుంది, ఇక అది తేలిగ్గా కుళ్ళదు. చెప్పు అవుతుంది, మోటబొక్కెన అవుతుంది. బతుకమ్మలో మీ అమ్మ పేర్చే పచ్చటి పువ్వు పూసేది ఆ చెట్టే. లంద వాసనకు ఊళ్ళో వాళ్ళు మా వాడ దాటేటప్పుడు ముక్కు మూసుకునేవాళ్ళు, నాకు చాలా బాధగా ఉండేది. మీరు ఎవరి ఇంటి ముందూ అలా చేయకండి. లోపల ఏం ఉడుకుతోందో, ఏం నానుతోందో అడగండి. చెప్పేవాళ్ళ దగ్గర బోలెడు విద్య ఉంటుంది.

ఈ మూడు పేటల సంగతి కనిపెట్టింది కూడా మన దగ్గరే. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అనే ఇద్దరు దానికోసం తపన పడ్డారు. అదే ఊళ్ళో ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోకలో కండను ఎముకకు కట్టే నారను తెచ్చుకుని, ఎక్స్‌రేలతో పరీక్షించి, 1954లో మూడు పేటలని లోకానికి చెప్పారు. ఆ వివరం మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత చేతులు గుర్తొచ్చి కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను. మూడే ఎందుకు? ఒంట్లో చేతులు లేవు కదా, ఎవరు పురి తిప్పుతున్నారు? దానికి పెద్ద లెక్కలున్నాయి, మీరు పెద్దయ్యాక చదువుకోండి. ఇప్పటికి మీ మోచెయ్యి మడిచి, చాచి, లోపల ఎన్ని తాళ్ళు లాగుతున్నాయో ఊహించుకోండి చాలు.

ఒక్క మాట చెప్పాలి. కాళ్ళ సూపు తాగితే ఆ తాళ్ళు నేరుగా మన ఎముకలకు వెళ్ళి అతుక్కోవు. కడుపు వాటిని చిన్న చిన్న తునకలు చేస్తుంది, ఒళ్ళు ఆ తునకలతో తనకు కావలసింది కొత్తగా పేనుకుంటుంది. ఆ పేనడానికి విటమిన్ సి ఉండాలి. అది లేక పాతకాలంలో ఓడల్లో నెలల తరబడి తిరిగిన నావికులకు చిగుళ్ళు కుళ్ళేవి, మానిన గాయాలు తిరిగి విచ్చుకునేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి జంటకో వైద్యం చేస్తే, నారింజలు, నిమ్మకాయలు తిన్న ఇద్దరే తొందరగా లేచారు. ఆ విటమిన్ వేడికి పాడవుతుంది, అందుకని నిమ్మకాయ పొయ్యి ఆర్పాకే పిండండి.

వచ్చే ఆదివారం అమ్మ మళ్ళీ సూపు పెడుతుందట. మూడు గాజు గ్లాసులు తీసుకోండి. అరగంటకు ఒక గరిటె, గంటన్నరకు ఒక గరిటె, మూడు గంటలకు ఒక గరిటె సూపు అమ్మచేత వడకట్టించి పోయించండి. వేడి గరిటె మీరు ముట్టుకోవద్దు. గ్లాసుల మీద వేళ రాసి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున లేవగానే మూడింటినీ ఒక్కొక్కటిగా వంచి చూడండి. ఏ గ్లాసులో ఏమైందో నేను ముందే చెప్పను, మీరే నాకు రాయండి. చిన్నోడు తెలుగులో రాయాలి, తప్పులున్నా పర్వాలేదు.

మీ తాత