రెండిట్లో ఒకటే ఎందుకు మూగబోతుంది?

మొన్న ఎండాకాలంలో రాజమండ్రి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, ఎడమ చెవి ఇయర్‌బడ్ పలకడం లేదురా. నిన్న రాత్రి బాగానే ఉంది. పొద్దున ప్రవచనం పెట్టుకుంటే కుడివైపు ఒక్కటే వినిపిస్తోంది" అంది. వెంటనే తీర్పు కూడా తనే చెప్పేసింది. "పోయినట్టుంది. ఒకటి పోతే రెండూ పోయినట్టే కదా, కొత్తవి కొనాలేమో."

చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది. ఇయర్‌బడ్స్‌లో ఒకటి మూగబోగానే జత మొత్తం సొరుగులోకి చేరుతుంది. నిజానికి చుట్టాలూ స్నేహితులూ "ఇది పోయింది" అంటూ నా చేతిలో పెట్టినవాటిలో ఎక్కువ భాగం పోయినవి కావు. అసలు ఆలోచించాల్సిన ప్రశ్న ఒకటుంది. రెండు బడ్స్ ఒకే డబ్బాలో వచ్చాయి, ఒకే పాట వింటున్నాయి, ఒకే కేసులో పడుకుంటున్నాయి. అలాంటప్పుడు ఒకటే ఎందుకు పోయింది? ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది.

"కొనొద్దమ్మా. ముందు ఆ పలకనిదాన్ని కుడి చెవికి పెట్టుకుని చూడు" అన్నాను.

ఇది చాలా చిన్న పరీక్ష, కానీ అన్నిటికంటే ముందు చేయాల్సింది. ఎడమ బడ్ కుడి చెవికి సరిగ్గా అమరదు, అయినా ఒక నిమిషం వేలితో పట్టుకుని వినొచ్చు. కుడి చెవిలోనూ అది పలకకపోతే తప్పు బడ్‌ది. పలికిందంటే తప్పు చెవిది. చెవిలో గులిమి గడ్డకట్టి ఉండొచ్చు, డాక్టర్ తీసేస్తే సరిపోతుంది. అయితే ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి తగ్గిపోయే జబ్బు కూడా ఒకటుంది. లోపలి చెవి నరానికి సంబంధించినది, నొప్పి ఉండదు. చాలామంది "జలుబు చేసిందేమో" అనుకుని వదిలేస్తారు. దానికి స్టెరాయిడ్ మందులు మొదటి రెండు వారాల్లోపు మొదలుపెడితేనే ఫలితం ఎక్కువ. అందుకే తప్పు చెవిదని తేలితే ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ఇయర్‌బడ్స్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అమ్మ చెవి బాగానే ఉంది. కుడి చెవిలోనూ ఆ బడ్ పలకలేదు.

ఇక ఫోన్. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట ఎడమ కుడి శబ్దాల తూకం మార్చే గీత ఉంటుంది. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చినప్పుడు అది ఒక పక్కకు జరిగిపోవచ్చు. దాన్ని మధ్యకు తెచ్చి చూడాలి, లేదా ఇంకో ఫోన్‌కు కలిపి చూడాలి. అర నిమిషం పని.

ఆ తర్వాత అడగాల్సింది, అసలు వినబడటం లేదా, లేక సన్నగా వినబడుతోందా అని. ఈ రెండూ వేరువేరు జబ్బులు. సన్నగా, దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు వినబడితే లోపలి ఎలక్ట్రానిక్స్ బతికే ఉన్నాయి, శబ్దానికి దారి మూసుకుపోయింది. మూసేది దాదాపు ఎప్పుడూ మన గులిమే.

గులిమి మురికి కాదు. చెవి గొట్టం బయటి మూడో వంతులో ఉండే గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. దుమ్మునూ పురుగులనూ పట్టి ఆపుతుంది. చెవి లోపలి చర్మం గోరు పెరిగినంత నెమ్మదిగా బయటివైపు జరుగుతూ ఆ గులిమిని మోసుకొస్తుంది. అంటే చెవి తనను తానే శుభ్రం చేసుకుంటుంది. మనం గంటలకొద్దీ ఇయర్‌బడ్ పెట్టుకుంటే ఆ దారికి అడ్డు కట్టినట్టే. బయటకు రావాల్సింది వచ్చి బడ్ మూతి మీద ఉండే సన్నటి జల్లెడకు అంటుకుంటుంది. గులిమి పొడిగా ఉంటుందా జిగటగా ఉంటుందా అన్నది ఒకే ఒక్క జన్యువులోని చిన్న తేడా వల్ల నిర్ణయమవుతుందని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో కనిపెట్టారు. మన దేశంలో రెండు రకాలవాళ్లూ ఉన్నారు. జిగట రకంవాళ్ల బడ్స్ తొందరగా మూసుకుపోవడంలో వింత లేదు.

ఫోన్ టార్చి వేసి రెండు జల్లెడలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికే కనిపిస్తుంది. సిలికాన్ టిప్ తీసి సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. బడ్‌ను మాత్రం కడగకూడదు. జల్లెడను నేలవైపు తిప్పి పట్టుకుని, మెత్తటి పొడి టూత్‌బ్రష్‌తో కింది నుంచి రుద్దాలి. పైకి తిప్పి రుద్దితే రాలినదంతా స్పీకర్ మీదే పడుతుంది. పోస్టర్లు అంటించే మెత్తటి జిగురు ముద్ద దొరికితే ఇంకా మంచిది, జల్లెడకు అద్ది లాగితే గులిమి దాంతోపాటు వచ్చేస్తుంది. పిన్నీసు, సూది లాంటివి దగ్గరకు రానివ్వకండి. జల్లెడ వెనక ఉండే పల్చటి పొరకు చిల్లు పడితే ఆ స్పీకర్ మళ్లీ బాగుపడదు. కొన్ని మోడల్స్‌లో బడ్ చెవిలో ఉందో లేదో చూసే చిన్న సెన్సార్ పక్కన ఉంటుంది. దాని మీద మురికి పేరుకుంటే బడ్ చెవిలో ఉన్నా లేనట్టే అనుకుని పాట ఆపేస్తుంది. దాన్నీ తుడవాలి.

అమ్మది అసలు వినబడకపోవడం. కేసులో పెడితే ఎడమ బడ్ లైటు వెలగడం లేదంది. "వేలితో కొంచెం నొక్కిపట్టి చూడమ్మా" అన్నాను. నొక్కగానే వెలిగింది. వదిలితే ఆరిపోయింది.

కేసు లోపల ప్రతి బడ్‌కీ స్ప్రింగు ఉన్న చిన్న పిన్నులు ఉంటాయి. బడ్ మీద వాటికి ఎదురుగా లోహపు చుక్కలు ఉంటాయి. రెండూ తాకితేనే ఛార్జింగ్. ఆ చుక్కలు మన చర్మానికి ఆనుకుని చెమటలో తడుస్తాయి. చెమట ఉప్పు నీరు, కరెంటును బాగా పోనిస్తుంది. చెమట తడితోనే బడ్‌ను కేసులో పెట్టామనుకోండి, పిన్నుల మధ్య ఉన్న వోల్టేజీ ఆ తడిలోంచి ప్రవహించడం మొదలుపెడుతుంది. ప్లస్ వైపు లోహం అణువు అణువుగా కరిగిపోతుంది. పైన ఉన్న పల్చటి బంగారు పూతకు ఎక్కడైనా బీటపడితే కింద ఉన్న రాగి బయటపడి చిలుము పడుతుంది. ఇత్తడి చెంబు మీద పట్టే ఆకుపచ్చ చిలుము లాంటిదే. చెంబుకైతే చింతపండు వేసి తోముతాం, ఇక్కడ అలా కుదరదు. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇచ్చే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది పుల్లకు కొద్దిగా అద్ది, కేసు పిన్నులనూ బడ్ చుక్కలనూ తుడిచి, పది నిమిషాలు ఆరనివ్వాలి. పిన్ను లోపలికి ఇరుక్కుపోయి ఉంటే పుల్లతో రెండుమూడుసార్లు నొక్కి వదిలితే పైకి వస్తుంది.

ఈ తాకుడు సరిగ్గా లేకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. తను కేసులోకి వచ్చానని బడ్‌కు చాలా మోడల్స్‌లో తెలిసేది ఈ పిన్నుల వల్లే. తాకకపోతే తను బయటే ఉన్నాననుకుని ఫోన్‌కు కనెక్ట్ అయ్యే ఉంటుంది. కేసు మూసి జేబులో వేసుకున్నా కాల్స్ శబ్దం అందులోకి పోతోందంటే కారణం సాధారణంగా ఇదే. రాత్రంతా అలా మేల్కొని ఉన్న బడ్ తెల్లారేసరికి పూర్తిగా ఖాళీ అయిపోతుంది. లిథియం సెల్ మరీ అడుగుకు దిగిపోతే ఛార్జింగ్ సర్క్యూట్ దానికి మొదట చాలా తక్కువ కరెంటే ఇస్తుంది. అందుకే తుడిచిన వెంటనే లైటు రాలేదని వదిలేయొద్దు. కేసును ఛార్జర్‌కు పెట్టి ఒక రాత్రి ఆగి చూడండి.

ఛార్జింగ్ ఉంది, లైటు వెలుగుతోంది, అయినా ఒకటే పలుకుతోందంటే ఆ రెండిటి మధ్య మాటలు పోయాయని అర్థం. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఈ భాగమే. బ్లూటూత్‌కు మూలమైన పని 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ కంపెనీలో మొదలైంది. యాప్ హార్ట్‌సెన్ అనే డచ్ ఇంజినీరు అందులో ముఖ్యుడు. వాళ్లు వెతికింది దగ్గర దగ్గర వస్తువుల మధ్య వైరు లేకుండా చేసే దారి. వైరుకు రెండు కొసలే ఉంటాయి. అందుకే బ్లూటూత్‌లో పాట పంపే పద్ధతి కూడా ఒకరి నుంచి ఒకరికి అన్నట్టే తయారైంది. హెడ్‌ఫోన్స్‌లో రెండు చెవుల మధ్య వైరు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. 2015 ప్రాంతంలో ఆ చివరి వైరు కూడా తీసేసి విడివిడి బడ్స్ అమ్మడం మొదలయ్యాక చిక్కు వచ్చింది. ఫోన్ ఒకటి, చెవులు రెండు.

దానికి ఇంజినీర్లు కనిపెట్టిన మొదటి ఉపాయం, ఒక బడ్‌ను పెద్దదిగా చేయడం. ఫోన్ పాట మొత్తాన్ని దానికే ఇస్తుంది, అది రెండోదానికి అందిస్తుంది. కానీ మధ్యలో మన తల ఉంది. బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది, మైక్రోవేవ్ ఓవెన్ వాడేదీ దాదాపు ఆ తరంగాలనే. బ్లూటూత్ శక్తి కొన్ని మిల్లీవాట్లే కాబట్టి తలకు వేడి తగలదు, కానీ సిగ్నల్ తల దాటేలోపు నీరసించిపోతుంది. గదిలో అయితే గోడలకు తగిలి తిరిగొచ్చి అవతలి చెవికి చేరుతుంది. ఖాళీ మైదానంలో తిరిగి రావడానికి గోడలే ఉండవు. పొద్దున వాకింగ్‌లో ఒక పక్క తెగుతూ, ఇంటికి రాగానే బాగైపోయే బడ్స్ కథ ఇదే. ఫోన్‌ను రెండో జేబులోకి మార్చి చూడండి. కొందరు తల గుండా సులువుగా వెళ్లే అయస్కాంత క్షేత్రంతో రెండు బడ్స్‌నూ కలిపారు. తర్వాత రెండో బడ్ కూడా ఫోన్ మాటలను నేరుగా పొంచి వినే పద్ధతులు వచ్చాయి. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతితో ఫోనే రెండు చెవులకూ విడిగా, ఒకే తాళంలో పంపడం మొదలైంది.

తాళం అన్నది ఊరికే అనలేదు. ఎడమ పక్క చప్పుడైతే అది కుడి చెవికి చేరడానికి మహా అయితే సెకనులో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ పడుతుంది. ఆ ఆలస్యాన్ని పట్టుకునే మెదడు దిక్కు చెబుతుంది. సెకనులో లక్షో వంతు తేడాను కూడా అది గుర్తుపట్టగలదు. అందుకే రెండు బడ్స్ ఒకదాని గడియారాన్ని ఒకటి క్షణక్షణం సరిచూసుకుంటూ ఉండాలి. వాటికి ఒకదాని గుర్తు ఒకటి పోతే రెండూ ఫోన్‌కు వేరువేరు మనుషుల్లా కనిపిస్తాయి. ఫోన్ ఎవరో ఒకరి చేయి పట్టుకుంటుంది, రెండోది ఊరుకుండిపోతుంది. బ్లూటూత్ జాబితాలో ఆ పేరు మీద ఫర్గెట్ నొక్కి, రెండు బడ్స్‌నూ కేసులో పెట్టి, కేసు బటన్‌నో బడ్స్‌నో పది పదిహేను సెకన్లు నొక్కిపట్టి రీసెట్ చేయాలి. ఏది నొక్కాలో మోడల్‌ను బట్టి మారుతుంది, డబ్బాలో వచ్చిన కాగితం చూడండి. తర్వాత రెండిటినీ ఒకేసారి బయటకు తీయాలి. ఒకటి ముందు తీస్తే పాత కథే మొదలవ్వొచ్చు.

అమ్మ పిన్నులు తుడిచింది, మర్నాటికి ఎడమది పలికింది. కానీ సంక్రాంతికి ఇంటికి వెళ్తే మళ్లీ అదే ఫిర్యాదు. ఈసారి పలుకుతోంది, గంట దాటగానే ఆగిపోతోంది. కుడిది మూడు గంటలైనా బాగానే ఉంటోంది. పిన్నులు చూశాను, శుభ్రంగా ఉన్నాయి.

కారణం మర్నాడు వంటింట్లో కనబడింది. కుక్కర్ విజిల్, గేటు చప్పుడు వినబడాలని అమ్మ వంట చేస్తున్నంతసేపూ ఎడమది ఒక్కటే పెట్టుకుంటుంది. కుడిది కేసులోనే ఉంటుంది. లెక్క వేశాను. వంటింట్లో ఎడమది మూడు గంటలు, మధ్యాహ్నం పాటలకు రెండూ కలిపి రెండు గంటలు. అంటే రోజుకు ఎడమది ఐదు గంటలు, కుడిది రెండు. ఒకసారి నింపితే ఐదు గంటలు వచ్చే సెల్ అనుకుంటే ఎడమది రోజుకో పూర్తి ఛార్జింగ్ తింటోంది. లిథియం సెల్ మామూలుగా 500 సార్లు నిండి ఖాళీ అయ్యేసరికి బాగా నీరసిస్తుంది. ఎడమదానికి అది ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది. కుడిదానికి మూడేళ్లు దాటాలి. పైగా ఇవి 30 నుంచి 60 మిల్లీఆంపియర్ అవర్ల సెల్స్, ఫోన్ బ్యాటరీలో వందో వంతు. ప్రతి ఛార్జింగ్‌లోనూ లోపలి గ్రాఫైట్ మీద ఒక పొర కొద్దికొద్దిగా మందమవుతూ లిథియాన్ని మింగేస్తుంది. వేడి దాన్ని తొందరపెడుతుంది. పొయ్యి పక్కన గంటలకొద్దీ ఉన్నదీ ఎడమదే. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద కేసు వదిలేసేవాళ్లకు కూడా ఇదే నష్టం.

ముసలైపోయిన సెల్‌కు రీసెట్ మందు కాదు. దాన్ని మార్చాలి. బిళ్ల ఆకారపు సెల్ ఉన్న మోడల్స్‌కు హైదరాబాద్ జగదీష్ మార్కెట్ లాంటి చోట్ల చేయి తిరిగిన మెకానిక్‌లు మార్చగలరు. ఇంట్లో ప్రయత్నించొద్దని గట్టిగా చెబుతాను. జిగురుతో అతికించిన పెంకును కత్తితో విప్పుతుంటే మొన సెల్‌లో దిగితే మంటలు వస్తాయి. ఉబ్బిన సెల్ అయితే ఛార్జింగ్ కూడా ఆపేయాలి. కొన్ని కంపెనీలు ఒక్క బడ్ విడిగా అమ్ముతాయి, వారంటీ ఉంటే ముందు అదే అడగండి. నా మటుకు నాకు, సెల్ మార్చడానికి వీలు లేకుండా వస్తువు తయారుచేయడం తప్పనిపిస్తుంది. యూరప్‌లో 2023లో వచ్చిన చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న వస్తువుల బ్యాటరీలు, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. అలాంటి నియమం మనకూ రావాలని కోరుకుంటున్నాను.

అమ్మకు ఎడమది ఒక్కటే విడిగా తెప్పించాం. పాతదాన్ని ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చాను. ఇప్పుడు వంటింట్లో ఒక పూట ఎడమది, ఒక పూట కుడిది పెట్టుకుంటోంది. తీశాక చీర కొంగుతో ఒకసారి తుడిచి మరీ కేసులో పెడుతోంది.