రెండు పోర్టులకు ఒకే గంట

చిరంజీవులైన పిల్లలకు,

అటక మీద దొరికిన పాత కంప్యూటర్ కార్డు మీద ఐఆర్‌క్యూ 3, 4, 5 అని ఉందనీ, కామ్1కీ కామ్3కీ (మౌస్, మోడెమ్ లాంటివి తగిలించే సీరియల్ పోర్టుల పేర్లవి) కూడా 4 అనే రాశారేమిటి, అచ్చుతప్పా అనీ అడిగారు. తప్పు కాదు, ఆ కంప్యూటర్లలో ఏర్పాటే అది.

అమ్మ వంటింట్లో ఉంది. గుమ్మంలో గంట మోగింది. మంట తగ్గించి, గరిటె పక్కన పెట్టి, వెళ్లి చూసొచ్చి, ఆపిన చోటు నుంచే మళ్లీ కలుపుతుంది. ప్రాసెసరే ఆ అమ్మ, ఐఆర్‌క్యూ, అంటే ‘నన్ను చూడు’ అని పరికరం పంపే పిలుపు, ఆ గంట. 1981 నాటి ఐబీఎం పీసీలో గంటలను ప్రాసెసరుకు చేరవేసే 8259 చిప్ వినేవి ఎనిమిదే. టైమరుకు 0, కీబోర్డుకు 1, ఫ్లాపీకి 6, ప్రింటరుకు 7. కామ్1కి 4, కామ్2కి 3 దక్కాయి. తర్వాత వచ్చిన కామ్3, కామ్4 ఆ రెండు గంటలనే పంచుకున్నాయి. చిరునామాలు మాత్రం దేనివి దానివే: 3ఎఫ్8, 2ఎఫ్8, 3ఈ8, 2ఈ8.

పంచుకుంటే నష్టమేమిటంటారా? ఈ అమ్మకు గంట మోగడం మొదలైన క్షణమే వినిపిస్తుంది. ఒకరు మీట నొక్కి పట్టుకుని ఉండగా ఇంకొకరు నొక్కితే కొత్త మోత రాదు. అందుకే కామ్1కి మౌస్, కామ్3కి మోడెమ్ (ఫోను తీగ మీద కంప్యూటర్లను కలిపేది) తగిలిస్తే, మోడెమ్ ఊరకున్నంతసేపూ ఇబ్బంది ఉండదు, డయల్ చేయగానే మౌస్ బాణం బిగుసుకుపోతుంది. ప్రోగ్రాము పోర్టులో అవుట్2 అనే బిట్టును స్విచ్చులా వేసేదాకా కార్డు ఆ గంట తీగ జోలికి రాదు మరి.

మా చిన్నతనంలో పాలు గుమ్మంలోనే గిన్నెలో కొలిచి పోసేవాళ్లు. గిన్నె లోపలికి వెళ్తేనే మళ్లీ పోయడం. సీరియల్ పోర్టును నడిపే 8250 చిప్ గిన్నెలో పట్టేది ఒక్క అక్షరం. సెకనుకు 9600 బిట్ల వేగంలో దాన్ని తీసుకోవడానికి సుమారు 1 మిల్లీసెకను ఉంటుంది, 1,15,200 వేగంలో 87 మైక్రోసెకన్లే. ఇక్కడ పాలవాళ్లలా ఎవరూ ఆగరు, ఆలస్యమైతే పాత అక్షరం మీదే కొత్తది పడి, పాతది పోతుంది. తర్వాత వచ్చిన 16550ఏ చిప్‌లో గిన్నెలు 16. పద్నాలుగోది నిండగానే గంట కొట్టమంటే ఇంకా రెండు ఖాళీగా ఉంటాయి. ఎంత చక్కటి ఆలోచనో!

ఇక మీ కార్డు సంగతి. కామ్2 ఖాళీగా ఉంటే బయోస్‌లో (కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కనిపించే అమరికల్లో) దాన్ని ఆపేసి, మోడెమ్‌నే కామ్2గా పెట్టండి. చిన్న అంకె గంటకే ముందు జవాబు కనుక, వేగమైన మోడెమ్‌కి 3 మంచిదే. లేదా కార్డు మీది జంపర్ని (ఐఆర్‌క్యూ ఎంచుకునే చిన్న బిళ్లని) 5కి మార్చండి. సౌండు కార్డూ, రెండో ప్రింటరు పోర్టూ సాధారణంగా ఆ 5నే అడుగుతాయి, అవి లేవని ముందు చూసుకోండి. జంపరొక్కటీ మార్చి ఊరుకోకండి, ప్రోగ్రాముకూ చెప్పాలి. లినక్స్‌లో అయితే సెట్‌సీరియల్ అనే ఆదేశంతో చెబుతారు. చెప్పకపోతే అది 4 దగ్గరే చెవి ఒగ్గి కూర్చుంటుంది.

ముందు కరెంటు తీగ పీకేసి, కార్డును అంచులు పట్టుకుని బయటికి తీయండి. 40 కాళ్ల పొడుగాటి చిప్ ఉందేమో వెతకండి. దాని మీద 8250, 16450, 16550 వీటిలో ఏ అంకె ఉందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
తాతయ్య