కొడుకు ఫీజు కూడా దేశం చేసే దిగుమతే: విదేశీ ఖర్చు, మారకపు రేటు గురించి అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో విదేశీ మారకం కౌంటర్‌లో పనిచేయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. జులై, ఆగస్టు వచ్చాయంటే పిల్లల ఫీజులు పంపే తల్లిదండ్రులతో మా శాఖ నిండిపోతుంది. విదేశాలకు డబ్బు పంపడానికి ఇచ్చే ఏ-2 ఫారం నింపుతూ వాళ్లు అనే మాటల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను. తప్పు వాళ్లది కాదు, ఈ లెక్కలు మామూలు మాటల్లో చెప్పేవాళ్లు తక్కువ.

అపోహ: స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఒక రూపాయి ఒక డాలర్‌తో సమానం.

వాట్సాప్‌లో ఏటా తిరిగే మాట ఇది. అప్పట్లో రూపాయి విలువను పౌండుకు ముడిపెట్టారు. పౌండుకు 13 రూపాయల 33 పైసలు, అదే పౌండుకు 4.03 డాలర్లు. భాగించి చూడండి, డాలర్‌కు సుమారు 3.30 రూపాయలు వస్తుంది. 1949 సెప్టెంబరులో విలువ తగ్గించాక అది 4.76 అయింది.

అపోహ: సేవల దిగుమతి కంపెనీల వ్యవహారం, మా అబ్బాయి ఫీజుకు దాంతో సంబంధం లేదు.

ఉంది. చదువు అమ్మింది అమెరికా యూనివర్సిటీ, కొన్నది మన కుటుంబం. కాబట్టి అది మన దేశానికి సేవల దిగుమతి. విదేశీ చదువుకు ఫారంలో వేసే కోడ్ ఎస్0305. అందులో 03 అంటే ప్రయాణాల పద్దు. దుబాయ్ విహారయాత్ర ఖర్చు, డాలస్‌లో ఎంఎస్ ఫీజు, హాస్టల్ అద్దె అన్నీ అందులోకే వస్తాయి. విదేశంలో ఏడాది దాటి ఉండేవాళ్లను మామూలుగా అక్కడి నివాసులుగానే లెక్కిస్తారు. కానీ దేశాల లెక్కలు ఎలా రాయాలో చెప్పే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) ఆరో మాన్యువల్ విద్యార్థులనూ, వైద్యానికి వెళ్లినవాళ్లనూ దీన్నుంచి మినహాయించింది. నాలుగేళ్లు చదివినా అతను మన లెక్కలోనే ఉంటాడు.

అదే అబ్బాయి ఉద్యోగం తెచ్చుకుని అక్కడే స్థిరపడి ఇంటికి డబ్బు పంపితే, అది సేవల ఎగుమతి కాదు, బదిలీల పద్దులో, అంటే బదులుగా ఏమీ ఇవ్వకుండా వచ్చే డబ్బు పద్దులో పడుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే అతని చెల్లెలి పని మాత్రం సేవల ఎగుమతి. ఒక్క ఇంట్లోనే ఇన్ని పద్దులు! తొందరలో ఫీజుకు ఎస్1301, అంటే కుటుంబ పోషణ కోడ్ వేస్తే ఆ డబ్బు సేవల్లో కనిపించకుండా పోతుంది. అందుకే దేనికి పంపుతున్నారని మేం రెండుసార్లు అడుగుతాం, దయచేసి విసుక్కోవద్దు.

అపోహ: ఎల్‌ఆర్‌ఎస్ అంకె చూస్తే విదేశీ ఖర్చంతా తెలిసిపోతుంది.

ఎల్‌ఆర్‌ఎస్ అంటే వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన పథకం. 2023-24లో దాని కింద వెళ్లినవి సుమారు 3,170 కోట్ల డాలర్లు. అందులో బహుమతులు, షేర్ల కొనుగోళ్లు కూడా ఉన్నాయి, అవి సేవలే కావు. కంపెనీలు కట్టే ఓడ కిరాయి, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల డబ్బు ఇందులో రావు. విదేశంలో క్రెడిట్ కార్డు గీకిన ఖర్చును కలపాలని 2023 మేలో ప్రభుత్వం నిర్ణయించి, జూన్ నెలాఖరులో వాయిదా వేసింది. మొత్తం ఖర్చు కావాలంటే రిజర్వు బ్యాంకు ఇచ్చే చెల్లింపుల శేషం (దేశానికి వచ్చిన, దేశం నుంచి వెళ్లిన డబ్బు మొత్తం లెక్క) పట్టికలో సేవల వరుస చూడాలి.

అపోహ: డాలర్ ముందు పడితే రూపాయి అందరి ముందూ పడినట్టే.

రిజర్వు బ్యాంకు 40 దేశాల కరెన్సీలతో, ధరల తేడా కూడా లెక్కేసి ఒక సూచీ ఇస్తుంది. పేరు ఆర్‌ఈఈఆర్, 2015-16ను 100గా పెట్టుకున్నారు. 2024 నవంబరులో డాలర్ ముందు రూపాయి కొత్త కనిష్ఠాలు చూస్తుంటే, ఈ సూచీ 108 దాటింది, అంటే అన్ని కరెన్సీలూ కలిపి చూస్తే రూపాయి బలంగానే ఉంది. అప్పుడు డాలర్ మిగతా కరెన్సీల మీద కూడా బలపడింది.

అపోహ: ఏడాది సగటు రేటు చూసి బడ్జెట్ వేసుకోవచ్చు.

2013కి ప్రపంచ బ్యాంకు చూపే సగటు 58.60 రూపాయలు. ఆ ఆగస్టు 28న రూపాయి 68 దాటింది. ఆ వారంలో 20,000 డాలర్లు కట్టడానికి వచ్చిన ఒక తండ్రి ముఖంలో టెన్షన్ నాకింకా గుర్తుంది. సగటుతో పోలిస్తే దాదాపు రెండు లక్షలు ఎక్కువ. ఆ సగటు దేశాలను పోల్చడానికి పనికొస్తుంది. ఫీజు కట్టే రోజు మాత్రం బ్యాంకుకు ఫోన్ చేసి ఆనాటి టీటీ సెల్లింగ్ రేటు, అంటే విదేశానికి పంపడానికి బ్యాంకు మీకు డాలర్ అమ్మే రేటు అడగండి. మీ ఖాతాలోంచి పోయేది ఆ రేటు ప్రకారమే. గడువుకు ముందే ఫీజు బిల్లు వస్తే రెండు మూడు విడతల్లో కట్టడానికి యూనివర్సిటీ ఒప్పుకుంటుందేమో కనుక్కోండి.