నొప్పి మాత్రకు పవర్ ఎంత?

నొప్పి తగ్గలేదనగానే మనం అడిగే మాట ఒకటే: ‘‘ఇంకాస్త పవర్ ఉన్న మాత్ర లేదా?’’ ఆ పవర్‌ను కొలవడానికి మనకు తెలిసిన కొలమానం అట్ట మీద అచ్చేసిన అంకె. ఆ లెక్కన 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మహా ఘాటైన మందు, 50 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ పసిపిల్లల మందు కావాలి. ఇక నల్లమందు వంశపు నొప్పి మందు ఫెంటానిల్ మోతాదును మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతుల్లో లెక్కిస్తారు. అదే అన్నిటికంటే ప్రమాదకరం. మిల్లీగ్రాములు మందు బరువు చెబుతాయి, అంతే. ఒకే మందులో చిన్న మోతాదేదో పెద్ద మోతాదేదో తెలుసుకోవడానికి పనికొస్తాయి గానీ, ఒక మందును మరో మందుతో తూచడానికి పనికిరావు.

అసలు బలం అనే మాటే ఇక్కడ తప్పుదారి పట్టిస్తుందని నా అభిప్రాయం. నొప్పి పుట్టిన చోటి నుంచి మెదడు దాకా ఒక ప్రయాణం ఉంది. ఒక్కో మందు ఆ దారిలో ఒక్కో మజిలీ దగ్గర కాపు కాస్తుంది. ఎక్కడ అడ్డుకుంటే మేలన్నది నొప్పి రకాన్ని బట్టి తేలాలి.

చీలమండ బెణికిందనుకుందాం. దెబ్బతిన్న కణాల పొరల్లోంచి ఒక కొవ్వు ఆమ్లం బయటికొస్తుంది. కాక్స్ అని పొట్టిగా పిలిచే ఎంజైము దాన్ని అందుకుని ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యేలా చేస్తుంది. ఇవి అక్కడి నాడుల కొసలను ఉలికిపాటు మనుషుల్లా మార్చేస్తాయి. మామూలప్పుడు లెక్కచేయని స్పర్శకే అవి కేకలు పెడతాయి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ చేసే పని ఈ ఎంజైమును కట్టిపడేయడం. ఆస్పిరిన్ 1899 నుంచి అమ్ముడవుతున్నా, అది ఎలా పనిచేస్తుందో 1971లో జాన్ వేన్ తేల్చేదాకా తెలియలేదు. ఆ కృషికి 1982లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

చిక్కేమిటంటే ప్రోస్టాగ్లాండిన్లకు ఒళ్లంతా పని ఉంది. జీర్ణాశయం గోడకు ఆమ్లం తగలకుండా జిగురు పొరను నిలిపి ఉంచేవి అవే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేవీ అవే. మింగిన మాత్రకు కాలు ఏదో కడుపు ఏదో తెలియదు. అందుకే ఈ జాతి మందులతో కడుపులో పుండ్లు, రక్తస్రావం వస్తాయి. వాంతులు, విరేచనాలతో నీరసించిన మనిషి ఒళ్లు నొప్పులని వీటిని వేసుకుంటే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, పాత అల్సర్ ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి పోకూడదు. ఐదో నెల దాటిన గర్భిణులకు కూడా ఇదే మాట. పిల్లలకు జ్వరమొస్తే ఆస్పిరిన్ అసలే వద్దు. పేర్లు వేరైనంత మాత్రాన రెండూ వేర్వేరు జాతుల మందులని అనుకోవడం మరో పొరపాటు. పొద్దున ఇబుప్రోఫెన్, మధ్యాహ్నం డైక్లోఫెనాక్ వేసుకుంటే ఉపశమనం రెట్టింపు కాదు, కడుపు మీద దాడి మాత్రం పెరుగుతుంది. మోకాలు, వేలి కీళ్ల వంటి చర్మానికి దగ్గరగా ఉండే చోట్ల నొప్పికి ఇదే మందు పూత రూపంలో దొరుకుతుంది. రక్తంలోకి చేరేది చాలా తక్కువ. పూత అంటే మనకు చిన్నచూపు గానీ, చాలామందికి మొదట ప్రయత్నించాల్సింది అదే.

పారాసిటమాల్ దారి వేరు. అది వాపును పెద్దగా తగ్గించదు, కడుపును బాధించదు. ఈ మంచి పేరే దాని ప్రమాదం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి రోజుకు 4 గ్రాములు పైహద్దు. బక్కపలచని వారికి, కాలేయం బాగాలేని వారికి, రోజూ మద్యం తాగేవారికి అంతకన్నా తక్కువ. ఒక లెక్క వేసి చూడండి. జ్వరానికి వెయ్యి మిల్లీగ్రాముల చొప్పున నాలుగుసార్లు వేసుకున్నారు: 4 గ్రాములు. జలుబు కూడా ఉందని విడిగా జలుబు మాత్ర, అందులోనూ 500 పారాసిటమాల్, మూడుసార్లు: మరో గ్రామున్నర. తప్పు చేస్తున్నట్టు ఎక్కడా అనిపించదు. కానీ కాలేయం పారాసిటమాల్‌ను విరిచేటప్పుడు కొద్దిగా విషపదార్థం పుడుతుంది. గ్లూటథయోన్ అనే రక్షక పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు అణిచేస్తుంది. ఆ నిల్వ అడుగంటితే విషం కాలేయ కణాల మీద పడుతుంది. మొదటి రోజు కాస్త వికారం తప్ప ఏమీ ఉండకపోవచ్చు. దీనికి విరుగుడు ఉంది, ఎనిమిది గంటల్లోపు ఇస్తే బాగా పనిచేస్తుంది. బాగానే ఉన్నాం కదా అని ఇంట్లో కూర్చునే గంటలు సరిగ్గా అవే. ఎక్కువైందని తెలిసిన క్షణానే ఆస్పత్రికి పోవాలి.

ఇప్పుడు ఓపియాయిడ్ల, అంటే నల్లమందు వంశపు మందుల సంగతి. గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు ఎండితే నల్లమందు. అందులోంచి 1800ల తొలి ఏళ్లలో ఫ్రీడ్రిష్ సెర్ట్యూర్నర్ అనే జర్మన్ యువకుడు వేరుచేసిన పదార్థం మార్ఫిన్. కోడీన్, ట్రమడాల్, ఆక్సికోడోన్, ఫెంటానిల్ అన్నీ ఈ వంశానివే, కొన్ని మొక్క నుంచి, కొన్ని ప్రయోగశాల నుంచి. ఇవి బెణికిన చోట వాపును ముట్టుకోవు. వెన్నుపాములో, మెదడులో కణాల మీద తాళం కప్పల్లా ఉండే గ్రాహకాలకు అతుక్కుని కబురును నొక్కేస్తాయి. మార్ఫిన్ తీసుకున్న రోగులు కొందరు అనే మాట ఆశ్చర్యంగా ఉంటుంది: ‘‘నొప్పి ఉంది, కానీ నాకు పట్టడం లేదు.’’ ఒక మొక్క పాలకు సరిపోయే తాళం కప్ప మన మెదడులో ఎందుకుందన్న ప్రశ్నకు జవాబు 1975లో దొరికింది. ఆ తాళంచెవులను మన శరీరమే తయారు చేసుకుంటుంది. ఎన్‌కెఫాలిన్లు, ఎండార్ఫిన్లు అవే.

అవే గ్రాహకాలు మెదడు కాండంలో ఊపిరి లయను నడిపే కణాల మీద కూడా ఉన్నాయి. ప్రాణాపాయమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరగగానే ఊపిరి తీసుకోమని మెదడు తొందరపెడుతుంది. ఓపియాయిడ్ మోతాదు మించితే ఆ తొందర పోతుంది. మనిషి ఉక్కిరిబిక్కిరి కాడు, పెనుగులాడడు, ఊపిరి తీసుకోవడం మరిచిపోతాడు. నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే బెంజోడయజిపైన్లు, మద్యం ఇదే పని మరో వైపు నుంచి చేస్తాయి. రెండూ కలిస్తే విడివిడిగా హాని చేయని మోతాదులు కూడా చంపగలవు.

వాడుతున్న కొద్దీ ఒళ్లు అలవాటు పడుతుంది, పాత మోతాదు చాలదు. కొన్ని వారాల తర్వాత హఠాత్తుగా ఆపితే ఒళ్లు నొప్పులు, చెమటలు, విరేచనాలు, నిద్రలేమి. ఇది శరీరం అలవాటు పడటం మాత్రమే, వ్యసనం వేరు. హాని జరుగుతోందని తెలిసినా మానలేకపోవడం వ్యసనం. ఈ తేడా తెలియక మందును నిజాయతీగా వాడుకునే రోగిని వ్యసనపరుడిలా చూడటం అన్యాయం. అలవాటుకు ఇంకో కోణం ఉంది. కొంతకాలం ఆపితే ఆ తట్టుకునే శక్తి కూడా పోతుంది. ఆ తర్వాత పాత మోతాదే మళ్లీ వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు.

‘మెత్తని’ ఓపియాయిడ్లన్న మాటనూ నమ్మను. కోడీన్ తనంతట తాను పెద్దగా పనిచేయదు, కాలేయంలోని ఒక ఎంజైము దానిలో కొంత భాగాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. పుట్టుకతోనే కొందరిలో ఆ ఎంజైము దాదాపు పనిచేయదు, వాళ్లకు మాత్ర వేసినా నొప్పి తగ్గదు. కొందరిలో మరీ చురుగ్గా ఉంటుంది, వాళ్ల రక్తంలో మార్ఫిన్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. టాన్సిల్స్ ఆపరేషన్ తర్వాత కోడీన్ ఇచ్చిన పిల్లలు కొందరు ఇలాగే చనిపోయారు. పన్నెండేళ్లలోపు పిల్లలకు కోడీన్ ఇవ్వకూడదని 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది, నొప్పికి ట్రమడాల్ విషయంలోనూ అదే నిషేధం పెట్టింది. ట్రమడాల్‌తో మూర్ఛ వచ్చే ముప్పు కూడా ఉంది. కొన్ని మానసిక కుంగుబాటు మందులతో కలిస్తే అది మరింత ప్రమాదకరం.

వీటి ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో అమెరికాను చూస్తే తెలుస్తుంది. 1980లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో ఐదు వాక్యాల ఉత్తరం అచ్చయింది. ఆస్పత్రిలో ఉండి ఈ మందులు తీసుకున్న 11,882 మందిలో నలుగురికే వ్యసనం కనిపించిందని దాని సారాంశం. డాక్టర్ల పర్యవేక్షణలో, ఆస్పత్రి మంచం మీద ఉన్నవారి లెక్క అది. దాన్నే పట్టుకుని నెలల తరబడి ఇంట్లో వాడేవారికీ భయం లేదని ప్రచారం సాగింది. 1996లో ఆక్సికాంటిన్ అనే ఆక్సికోడోన్ మాత్ర బజారుకొచ్చింది. 2017 ఒక్క ఏడాదిలో అక్కడ ఓపియాయిడ్ల మోతాదు మించి 47 వేల మందికి పైగా చనిపోయారు. అప్పటికి చావుల్లో ఎక్కువ భాగం దొంగచాటు ఫెంటానిల్‌వే. కానీ ఆ దారికి తలుపు తెరిచింది మందుల చీటీలే.

ఇంత ముప్పుకు తగ్గ ఉపశమనమైనా ఉందా? దీర్ఘకాలపు నడుము నొప్పి, మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల ఉన్న 240 మందిని ఏడాది పాటు గమనించి 2018లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి ఓపియాయిడ్లు, సగం మందికి మామూలు నొప్పి మందులు. రోజువారీ పనులు చేసుకోవడంలో తేడా లేదు. నొప్పి మాత్రం మామూలు మందుల వాళ్లకే కాస్త తక్కువ. కొత్తగా వచ్చిన నడుము, మెడ నొప్పి మీద 2023లో వెలువడిన మరో పరీక్షలో ఓపియాయిడ్ ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. పంటి నొప్పికి ఇబుప్రోఫెన్, పారాసిటమాల్ తగిన మోతాదుల్లో కలిపి వాడటం చాలాసార్లు ఓపియాయిడ్లకు ఏమాత్రం తీసిపోదు. రెండూ వేర్వేరు మజిలీల దగ్గర పనిచేస్తాయి కాబట్టి ఆ జత కుదురుతుంది. అయితే పెద్ద ఆపరేషన్ తర్వాతి మొదటి రోజులు, విరిగిన ఎముకలు, క్యాన్సర్ నొప్పి వేరు. అక్కడ మార్ఫిన్‌కు సాటి రాగలవి తక్కువ. వ్యసనమవుతుందన్న భయంతో చివరి రోజుల్లోని క్యాన్సర్ రోగికి దాన్ని నిరాకరించడం నా దృష్టిలో క్రూరత్వం.

డాక్టరు ఓపియాయిడ్ రాస్తే ఎన్ని రోజులకో, ఎలా తగ్గిస్తూ ఆపాలో ఆ రోజే అడగాలి. వేసుకునే ఇతర మందులన్నీ చెప్పాలి, గురకతో నిద్రలో ఊపిరాగే జబ్బుంటే అదీ చెప్పాలి. మలబద్ధకం దాదాపు తప్పదు. మిగతా ఇబ్బందుల్లో చాలావాటికి ఒళ్లు అలవాటు పడినా పేగులు పడవు, అందుకే మొదటి రోజు నుంచే విరేచనకారి అవసరమవుతుంది. ఫెంటానిల్ పట్టీ మీద వేడి కాపడం పెట్టకూడదు, వేడికి మందు చర్మంలోకి గబగబా దిగుతుంది. వాడేసిన పట్టీలో కూడా పసిపిల్లను చంపేంత మందు మిగిలి ఉంటుంది.

ఇంట్లో వాళ్లు గుర్తుంచుకోవాల్సింది గురకను. మోతాదు మించిన మనిషి గొంతులోంచి గరగరమంటూ, మధ్యమధ్యలో ఆగిపోతూ వచ్చే శబ్దాన్ని గాఢనిద్ర అనుకుని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయిన కుటుంబాలు ఉన్నాయి. భుజం కుదిపి పిలిచినా లేవకపోతే, కనుపాప సూదిమొనలా చిన్నదైతే, పెదాలు నీలం తిరిగితే వెంటనే అంబులెన్సును పిలవాలి. నాలోక్సోన్ అనే విరుగుడు ఆ గ్రాహకాల నుంచి మందును నెట్టేసి రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తెప్పించగలదు. కానీ దాని ప్రభావం ముప్పై నుంచి తొంభై నిమిషాలే. మింగిన మందు అంతకన్నా ఎక్కువసేపు ఒంట్లో ఉంటుంది. లేచి కూర్చుని ‘‘నాకేం కాలేదు, ఆస్పత్రి ఎందుకు?’’ అని విసుక్కునే మనిషిని కూడా బండి ఎక్కించాల్సిందే.