మన జెర్సీ, మన మాట

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో, గోల్స్ కొట్టాల్సిన మన స్ట్రైకర్‌ను మార్చగానే వాడు జెర్సీ విప్పి ఎర్రమట్టిలో విసిరికొట్టడమూ, కోచ్ సార్ అందరి ఎదుటా "రేపటి నుంచి గ్రౌండుకు రావద్దు" అనడమూ గోడపక్కన కూర్చుని చూశాను. తప్పెవరిదని మీరు అడిగారు. ప్రపంచమంతా చూసిన ఇటువంటి గొడవ ఒకటి ముందుగా వినండి.

2011 సెప్టెంబరు 27న ఇంగ్లండ్‌కు చెందిన మాంచెస్టర్ సిటీ జట్టు, యూరప్ క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో, జర్మనీ జట్టు బయర్న్ మ్యూనిక్ చేతిలో 2-0 తేడాతో ఓడింది. రెండో సగంలో మేనేజర్ రాబర్టో మాన్సిని, సబ్‌స్టిట్యూట్‌గా కూర్చున్న అర్జెంటీనా ఆటగాడు కార్లోస్ టెవెజ్‌ను సిద్ధం కమ్మంటే అతడు లేవలేదు. ఆట ముగిసీ ముగియక ముందే మాన్సిని టీవీ కెమెరాల ఎదుట, తన వరకు టెవెజ్ కథ ముగిసిందని తేల్చేశాడు. టెవెజ్ కూడా ఆ రాత్రే స్పానిష్‌లో మాట్లాడగా అనువాదకుడు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. మరునాడు టెవెజ్, తాను ఆడనని అనలేదనీ తన మాటను అపార్థం చేసుకున్నారనీ ప్రకటన ఇచ్చాడు. ఒకే డ్రెస్సింగ్ రూములో ఉన్న ఇద్దరు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా లోకంతో మాట్లాడారు. లేవకపోవడం టెవెజ్ తప్పే, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ మాట టీవీలో పడిన తరువాత అది ఇద్దరికీ పంతమైపోయింది, తగ్గితే పరువు పోతుందన్న భయమూ తోడైంది.

క్లబ్ జరిమానా వేసింది, టెవెజ్ అనుమతి లేకుండా అర్జెంటీనా వెళ్లిపోయాడు, నెలలు గడిచాయి. 2012 ఫిబ్రవరిలో అతడు క్షమాపణ చెప్పాడు, మాన్సిని తన మాటను పక్కన పెట్టి మళ్లీ చేర్చుకున్నాడు. మార్చి 21న చెల్సీపై సబ్‌స్టిట్యూట్‌గా దిగి, సహచరుడు నస్రీ కొట్టిన గెలుపు గోలుకు బంతి అందించింది టెవెజే. ఏప్రిల్‌లో నార్విచ్‌ను 6-1తో ఓడించిన ఆటలో మూడు గోల్స్ అతడివే. సీజన్ చివర ఇంగ్లండ్ లీగ్‌లో సిటీకీ మాంచెస్టర్ యునైటెడ్‌కూ చెరి 89 పాయింట్లే వచ్చాయి. కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేసి లెక్కిస్తే వచ్చిన ఎనిమిది గోల్స్ ఆధిక్యంతో సిటీ 44 ఏళ్ల తరువాత లీగ్ టైటిల్ గెలిచింది. ఆ ఎనిమిదిలో నార్విచ్ ఆట గోల్స్ ఎంత విలువైనవో మీరే లెక్కవేయండి.

నేనీ లెక్క వేసుకోవడానికి కారణముంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వెనక కాచే ఆటగాడు, ఒక ఫుల్‌బ్యాక్‌ను హాఫ్‌టైములో అందరూ వినేలా తిట్టాను. మార్కెట్లో శెనక్కాయల మూటలు దింపి, భుజాన దుమ్ముతో అలాగే వచ్చిన వాళ్ల నాన్న గట్టు మీద నిలబడి ఉన్నాడు. పిల్లవాడు నన్ను చూడలేదు, వాళ్ల నాన్న వైపే చూశాడు. ఆ తరువాత గ్రౌండుకు రాలేదు. తప్పుగా నిలబడ్డాడన్న నా మాట నిజమే. వాళ్ల నాన్న ఎదుట అనడం మాత్రం నా తప్పు. ఇంటికెళ్లి పిలుద్దామని వాయిదా వేస్తూ ఉండగానే ఆ ఏడాది గడిచిపోయింది.

అందుకే మీ ప్రశ్నకు జవాబు: జెర్సీ విసరడం వాడి తప్పు, అందరిలో వెళ్లగొట్టడం సార్ తప్పు, రెండు వైపులా చేరి ఎగదోయడం మీ తప్పు. సార్‌తో నేను మాట్లాడాను. శనివారం సాయంత్రం ఐదింటికి ఆయన మా ఇంటికి వస్తున్నారు. వాణ్ణి ఒక్కణ్ణే పంపండి, మీరెవరూ వెంట రావద్దు. జెర్సీ ఉతికించి పెట్టాను.

ఇట్లు,
మీ పాత పీటీ సార్